పాప బొమ్మకు దండ

పొద్దున్న నమాజు అయిన దగ్గర్నుంచీ ఆమినా బీ ఆ రేకు పెట్టె మీదే కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. భర్త నూరుల్లా వచ్చి ఎదురుగా నిలబడి, ఏదో అనబోయి, మళ్ళీ అరుగు మీదికి వెళ్ళిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు.

"ఆకలేస్తే హోటల్లో తినండి. నేను లేవను," అంది ఆమినా బీ.

ఆమె పంతమంతా పెట్టెలో బట్టల అడుగునున్న ఒక పాత కాగితం కోసం. దాని మీద గీతల వెంబడి సూదితో పొడిచిన చిల్లులుంటాయి. గోడకి ఆనించి బొగ్గుపొడి మూటతో తడితే చుక్కలు చుక్కలుగా బొమ్మ దిగుతుంది. రెండు జడలు వేసుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అన్నం ముద్ద పట్టుకుని నవ్వుతున్న పిల్ల బొమ్మ. బందరు నుంచి గుడివాడ దాకా, గుడివాడ నుంచి నాగాయలంక దాకా ఏ గోడ మీదున్న పాపైనా ఆ చిల్లుల్లోంచి దిగినదే.

కాగితం లేకపోతే నూరుల్లా ఆ బొమ్మ వెయ్యలేడా అంటే, నిద్రలో లేపినా వేస్తాడు. అయితే అన్ని గోడల మీదా అదే నవ్వు, అదే ముక్కు ఉండాలని, వెంట్రుకవాసి తేడా రాకూడదని మిల్లు యజమాని ధనుంజయరావు పట్టుదల. చదువు రానివాళ్ళు మిల్లు పేరు చూసి బియ్యం కొనరు, బొమ్మ చూసి కొంటారని ఆయన లెక్క. లెక్క తప్పలేదు. కృష్ణా జిల్లాలో సగం కొట్లలో "పాప బియ్యం ఇవ్వండి" అంటారే తప్ప ధనుంజయరావు బియ్యమని ఎవరూ అడగరు.

ఆ పాప నూరుల్లా కూతురు జహీదా. ఎనిమిదేళ్ళప్పుడు పెరట్లో కూర్చుని అన్నం తింటుంటే చూసి గీశాడు. పిల్ల మొహం బజార్లో పెట్టొద్దని ఆమినా బీ ఆనాడే పోట్లాడింది. మసీదు పెద్దలూ మొహం చిట్లించారు. నూరుల్లా వినలేదు. పెడనలో అద్దకాలకి చెక్క అచ్చులు చెక్కి చెక్కి వేళ్ళు వంకర్లు పోయిన తండ్రి కొడుకాయన. కోనేరు సెంటర్లో 'నూర్ ఆర్ట్స్' అని తన పేరుతో బోర్డు పెట్టుకోవాలని ఆశ పడ్డాడు. పాప బొమ్మ ఆ బోర్డు పెట్టించింది.

జహీదా పెరిగి పెద్దదై, లాల్‌ని చేసుకుని నాగాయలంక కాపరానికి వెళ్ళినా, వీధిలో వాళ్ళు "బియ్యం పాప వచ్చింది" అనే పిలిచేవాళ్ళు. ఆమె నవ్వేది. పోయిన కార్తీకంలో ఉప్పెన వచ్చిన రోజున ఊళ్ళో గట్టి కట్టడం ధనుంజయరావు గోడౌన్ ఒక్కటే అని జనం అక్కడికి పరిగెత్తారు. ఇనప తలుపు మీద ఆమె చిన్ననాటి బొమ్మే ఉంది. ఆ తలుపే తెరుచుకోలేదు.

ఆ రోజు గోడౌన్‌లో మనిషే లేడని ధనుంజయరావు అందరికీ చెప్పాడు. పరామర్శకని ఒక బస్తా బియ్యం కూడా పంపాడు, పాప బొమ్మ వేసిన బస్తా. అది ఇంకా మూతి విప్పకుండా గదిలో ఓ మూల, బొమ్మ గోడవైపుకి తిప్పి ఉంది.

ఉప్పెన తర్వాత మామ దగ్గరే పనిచేస్తూ, ఏడాదిగా నోరు మెదపని లాల్ పోయిన శుక్రవారం ఆ రోజు సంగతి బయటపెట్టాడు. తలుపు బాదుతుంటే లోపల్నుంచి దగ్గు వినపడిందట. తర్వాత ఒక గొంతు, ఆర్డరు లేదు బాబూ, తియ్యకూడదు, అందట. గోడౌన్ గుమాస్తా అంకమ్మరావు గొంతు. తరవాత నీళ్ళొచ్చాయి. లాల్‌కి తుమ్మచెట్టు దొరికింది. జహీదాకి ఏమీ దొరకలేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమినా బీ ఏడవడం మానేసింది. ఇప్పుడు గుడివాడలో ధనుంజయరావు కొత్త మిల్లు తెరుస్తున్నాడు. దాని ముందు రెండంతస్తుల ఎత్తు బొమ్మ కావాలట, బస్తాల మీద కొత్త ముద్ర కావాలట. నూరుల్లా సరేనని వచ్చాడు. అదీ ఇంట్లో పొయ్యి ఆరిపోవడానికి కారణం.

"నిజంగా ఒప్పుకున్నారా, లేకపోతే వాళ్ళ ముందు తల ఊపి వచ్చారా? అది చెప్పండి ముందు," అంది.

"ఒప్పుకున్నాను."

"కూతుర్ని బయట నిలబెట్టి చంపినవాడికి కూతురి బొమ్మే వేసిపెడతారా?"

అరుగు మీద రంగులు కలుపుతున్న లాల్ చెయ్యి ఆగింది. తుమ్మముళ్ళు దిగిన అరచేతులు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు అతనికి.

సరిగ్గా అప్పుడే అంకమ్మరావు వాకిట్లోకి వచ్చాడు.

ఉప్పెన నాటికి గుమాస్తాగా ఉన్న మనిషి, ఈ ఏడాదిలో గుడివాడ మిల్లుకి మేనేజరయ్యాడు. తెల్లపంచె, చేతికి కొత్త గడియారం. ఎందుకు పెద్దవాడయ్యాడో ఈ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. వాళ్ళకి తెలుసని అతనికి తెలియదు. కూర్చోమన్నా కూర్చోలేదు. అయ్యగారు తొందర పడుతున్నారనీ, ముహూర్తానికి దివిసీమ వాళ్ళని బస్సులో రప్పించి మొదటి బస్తాలు వాళ్ళకే పంచుతారనీ, పేపరువాళ్ళు కూడా వస్తున్నారనీ చెప్పాడు. అమ్మగారు, అంటే ధనుంజయరావు భార్య ఇందిరమ్మ, బొమ్మ చూసినప్పుడల్లా ఆ పిల్ల ఎలా పోయిందని అడుగుతున్నారనీ అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియనట్టు వెంటనే చూపు పక్కకి తిప్పుకున్నాడు.

తిప్పిన చూపు మూలనున్న బస్తా మీద పడింది.

"బియ్యం వాడలేదామ్మా? పురుగు పడుతుందేమో," అన్నాడు.

"మా పిల్ల మొహం చింపి ఎసట్లో పొయ్యమంటారా?" అంది ఆమినా బీ.

అంకమ్మరావు పొడిదగ్గు దగ్గాడు. ఆ దగ్గు వింటూనే లాల్ రంగు డబ్బా కింద పెట్టి లేచాడు. నూరుల్లా అడ్డం వచ్చి, గురువారానికల్లా బొమ్మ సిద్ధంగా ఉంటుందని అయ్యగారికి చెప్పమని అంకమ్మరావుని సాగనంపాడు. లాల్ భుజం మీద వేసిన చెయ్యి ఆ మనిషి వీధి మలుపు తిరిగేదాకా తియ్యలేదు.

"ఆ దగ్గే మామా," అన్నాడు లాల్.

నూరుల్లా లోపలికొచ్చి పెట్టె పక్కన నేల మీద చతికిలపడ్డాడు. భార్య మొహంలోకి చూడకుండా, గొంతు తగ్గించి, "దండ వేస్తాను," అన్నాడు.

"ఏం దండ?"

"బొమ్మకి దండ. అడుగున దీపం."

ఆమెకి అర్థం కాలేదు. వాళ్ళిళ్ళలో పోయినవాళ్ళ బొమ్మలే పెట్టరు, ఇంక దండలెక్కడివి. నూరుల్లా నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. హిందువుల ఇళ్ళకి పోయినవాళ్ళ పటాలు ఎన్నో గీసిచ్చాడు తను. బతికున్నవాళ్ళ పటానికి పొరపాటున దండ పెడితే ఆ ఇంట్లో ఎంత గొడవవుతుందో కళ్ళారా చూశాడు. దండ పడిన మొహం అంటే పోయిన మనిషి మొహం. అటువంటి బొమ్మున్న బస్తాని ఏ ఇల్లాలూ వంటింట్లోకి రానివ్వదు. ఆ అన్నం పిల్లలకి పెట్టదు.

"వాడికి మిల్లు ఆస్తి కాదు. పాప ఆస్తి," అన్నాడు. "నేను ఇచ్చిన ఆస్తి నేనే తీసేసుకుంటాను. జనం అందరి ముందూ, వాడి చేత్తోనే తెర లాగించి."

ఆమినా బీ భర్త వంక చూసింది. ఈ మనిషి ఇన్నాళ్ళూ మెత్తనివాడనుకుంది తను. తర్వాత పెట్టె మీంచి లేచింది. మూత తెరిచి, చీరల అడుగునుంచి కాగితం తీసి చేతికిచ్చింది. వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది.

"దండ లావుగా వెయ్యండి," అంది పుల్ల గీస్తూ. "దూరానికి కూడా కనపడాలి."

*

గుడివాడ స్టేషను రోడ్డులో కొత్త మిల్లు ముందు ఎక్కి పనిచెయ్యడానికి సర్వీబాదులు కట్టి, గోనెపట్టాలు కుట్టిన తెర వెనక నూరుల్లా పని మొదలుపెట్టాడు. లాల్ లోపల షెడ్డులో రేకు మీద కొత్త ముద్ర కోసి, పంచబోయే బస్తాల మీద తనే అచ్చు వేసి, బొమ్మ కనపడకుండా ఒకదాని మీద ఒకటి బోర్లా పేర్చాడు. ఇంకో మనిషి చెయ్యి పడనివ్వలేదు.

ధనుంజయరావు రోజూ వచ్చేవాడు. ఇస్త్రీ మడత నలగని లాల్చీ, వక్క నములుతూ నెమ్మదిగా మాట్లాడే నోరు. ఊళ్ళో ఎవరి గోడ ఏ మలుపులో ఎంత దూరానికి కనపడుతుందో ఆయనకి కంఠతా వచ్చు. అటువంటివాడు తన సొంత బొమ్మ చూడకుండా ఎలా ఉంటాడు? తెర అంచు పట్టుకుని ఎత్తబోయాడు.

"కళ్ళు ఇంకా దిద్దలేదండి," అన్నాడు నూరుల్లా పైనుంచి.

ఆ మాటతో ఆయన చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. గోడ బొమ్మలు వేసేవాళ్ళలో కళ్ళు ఆఖరున దిద్దడం రివాజు. కళ్ళు లేని బొమ్మని సొంతదారు చూస్తే సొమ్ము నిలవదని ఒక నమ్మకం. ధనుంజయరావు బ్యాంకువాళ్ళని నమ్మడు, సొంత బావమరిదిని నమ్మడు, దీన్ని మాత్రం నమ్ముతాడు. చూపు నేలకి దించుకుని, తెర వైపు వీపు పెట్టి నిలబడి మాట్లాడాడు.

"మిల్లు కాలిపోతే ఇంకోటి కడతాను సాయిబూ. పాప పోతే మాత్రం నేను లేను."

నూరుల్లా చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ మనిషికి తనేమన్నాడో తెలియనైనా తెలియలేదు. ఆ క్షణంలో పైనుంచి రంగు డబ్బా వాడి నెత్తిన వదిలేద్దామనిపించింది నూరుల్లాకి. వదల్లేదు. డబ్బాతో పొయ్యే కోపం కాదు అది.

అప్పుడు బంతిపూల దండ మొదలుపెట్టాడు. పువ్వు పక్కన పువ్వు, ఆమినా బీ చెప్పినంత లావుగా. ఆ పసుపు మీద కుంకుమరంగు చెదరకుండా ఒక్కో రేకా దిద్దుతుంటే కళ్ళు మసకబారాయి. తండ్రి కూతురికి పెళ్ళిదండ కొంటాడు. తను వేస్తున్న దండ ఇది. ఆఖరున కళ్ళు దిద్ది కిందికి దిగాడు.

*

గురువారం పొద్దున ముహూర్తం. పందిట్లో కుర్చీలు చాలక జనం రోడ్డు మీద నిలబడ్డారు. దివిసీమ నుంచి వచ్చినవాళ్ళని ముందు వరసలో జంపఖానాల మీద కూర్చోబెట్టారు, ఫొటోల్లో బాగా పడాలని. వాళ్ళ మధ్యలో నల్లబురఖాలో ఆమినా బీ. వేదిక మీద ధనుంజయరావు, ఇందిరమ్మ, చివరి కుర్చీలో అంకమ్మరావు. వేదిక పక్కన నిలబడి నూరుల్లా. ఇందిరమ్మ చేతిలో కొత్త మిషనుకి ఇవ్వడానికని సిద్ధం చేసిన హారతి పళ్ళెం ఉంది.

మేళం మోగుతుండగా ధనుంజయరావు తాడు లాగాడు. గోనెపట్టా జారిపడింది.

మేళంలో ఒక్కో వాయిద్యమూ ఆగిపోయింది. రెండంతస్తుల ఎత్తున పాప నవ్వుతోంది. మెడలో లావుపాటి బంతిపూల దండ. పాదాల దగ్గర వెలుగుతున్న దీపం.

ఇందిరమ్మ పళ్ళెం పట్టుకున్న చేతుల్ని వెనక్కి లాక్కుంది. జనంలో ఎవరో అపశకునమన్నారు. సంగతి అర్థం కాని గుమాస్తా ఒకడు, ముందే అనుకున్న ప్రకారం, మొదటి బస్తా తెచ్చి నాగాయలంక సత్యవతమ్మ ముందు పెట్టాడు. ఆ ముసలావిడ ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుంది. బస్తా మీద కూడా దండ చూసి, చాచిన చేతులు ముడుచుకుంది.

"దండేసిన బొమ్మలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి బాబూ. ఇంకోటి వద్దు," అంది.

ఆవిడ వెనకున్న ఆడవాళ్ళంతా జంపఖానా మీద వెనక్కి జరిగారు. నూరుల్లాకి కడుపు చల్లబడింది. ఏడాదిగా తిన్న తిండి ఆ పూట ఒంటబట్టినట్టనిపించింది. ధనుంజయరావు మొహంలో నెత్తురు లేదు. ఆ మొహాన్ని తనివితీరా చూశాడు.

ఆ సంతోషం ఎంతోసేపు మిగల్లేదు.

ధనుంజయరావు వక్క ఉమ్మేసి, కండువాతో మూతి తుడుచుకుని మైకు దగ్గరికి నడిచాడు. "ఆ దండ నేనే వేయించాను," అన్నాడు.

జనం సద్దుమణిగారు. ఆయన గొంతు గద్గదం చేసుకున్నాడు. ఈ పాప ఊహించి వేసిన బొమ్మ కాదనీ, మన బందరు నూరుల్లాగారి బిడ్డ అనీ, ఉప్పెన పొట్టన పెట్టుకుందనీ చెప్పాడు. తన గోడౌన్ తలుపు దాకా వచ్చిందనీ, ఖర్మకాలి ఆ రోజు అక్కడ మనిషి లేకుండా పోయాడనీ, ఉండి ఉంటే తన ప్రాణం అడ్డు వేసి అయినా కాపాడుకునేవాణ్ణనీ అన్నాడు. ఆ మాటలన్నీ అంత సునాయాసంగా ఎలా దొరికాయో ఆ దేవుడికే తెలియాలి.

"పసుపు కుంకాలతో పోయిన ఆడకూతురు పేరంటాలవుతుందని మన పెద్దలు చెప్పారు," అన్నాడు. "ఇవాళ్టి నుంచీ మా జహీదమ్మ దివిసీమకి పేరంటాలు. ఆ తల్లి బొమ్మున్న బస్తాలో అన్నం అన్నం కాదు, ప్రసాదం. ఇందిరా, హారతియ్యి."

సత్యవతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వంగి బస్తాని కళ్ళకద్దుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. ఫొటోలవాళ్ళు ఎగబడ్డారు. ఇందిరమ్మ కర్పూరం వెలిగించి బొమ్మ ముందు నిలబడింది.

నూరుల్లా తలెత్తి దండ వంక చూశాడు. తను వేసిన దండతోనే వాడు బొమ్మని గుళ్ళోకి ఎక్కించాడు. బజార్లో ఉన్న పిల్లని ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చు, దేవతని చేశాక ఎవడిస్తాడు? బొమ్మతో జనాన్ని పట్టే ఈ పాడు విద్య నేనే నేర్పాను వీడికి అనుకున్నాడు. షెడ్డు దగ్గర లాల్ రేకు కోసే కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నూరుల్లా అతని వైపు అడుగు వేశాడు.

అప్పుడు ఆమినా బీ లేచి, బురఖా ముసుగు వెనక్కి వేసుకుంది.

"ఆ పేరంటాలి తల్లిని నేను," అంది పక్కవాళ్ళతో.

అరగంట కిందటైతే ఎవరో ఒకరు కూర్చోమనేవాళ్ళు. ఇప్పుడు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఒకావిడ ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టింది. ధనుంజయరావు చేతులు జోడించక తప్పలేదు. మైకు ఇవ్వబోయాడు కానీ ఆమె తీసుకోలేదు. నేరుగా వెళ్ళి చివరి కుర్చీ ముందు నిలబడింది.

"అంకమ్మరావుగారూ," అంది. గొంతు పెద్దది చెయ్యకపోయినా, ఆ నిశ్శబ్దంలో వెనక వరసకి కూడా వినిపించింది. "దేవత ముందు మీవాళ్ళు అబద్ధమాడరు. కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తారు. ఆ రోజు గోడౌన్‌లో మీరు లేరని, తలుపు తియ్యొద్దని మీకెవరూ చెప్పలేదని, ఆ కర్పూరం ఆర్పి చెప్పండి. నా బిడ్డ చూస్తోంది."

అంకమ్మరావు తలెత్తి పైకి చూశాడు. నూరుల్లా దిద్దిన కళ్ళు సూటిగా ఆ కుర్చీ వైపే ఉన్నాయి. అతనికి దగ్గు వచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. ఆమె తెలివితక్కువగా ఏదో అంటోందనీ, దుఃఖంలో ఉందనీ ధనుంజయరావు సర్దిచెప్పబోయాడు. జనం ఆయన వైపు చూడలేదు.

అంకమ్మరావు లేచాడు. ఇందిరమ్మ చేతిలోని పళ్ళెం దాకా నడిచాడు. చెయ్యి మంట మీదికి చాచాడు.

ఇందిరమ్మ పళ్ళెం పక్కకి తప్పించింది. ఉప్పెన రోజు పొద్దున గుడివాడలో తన ఇంటి హాల్లో, భర్త ఫోనులో "ఎవరొచ్చినా తియ్యొద్దు" అన్న మాట ఆవిడ చెవిన పడింది. ఎవరితో అన్నారని భర్తని ఏడాదిగా అడుగుతూనే ఉంది. ఆయన ఏడాదిగా మాట మారుస్తూనే ఉన్నాడు.

ఆవిడ అంకమ్మరావుని దాటుకుని వచ్చి, మండుతున్న కర్పూరాన్ని భర్త ముందు పెట్టింది.

"అతనెందుకండీ," అంది. "మీరు ఆర్పండి."